పని కొనుక్కున్న అతిథులు

మబ్బులకొండ మీద మా సంస్థకి ఇరవై గదుల వసతి గృహం ఒకటుంది. దానికి నేను మేనేజరుని. పేరు కూర్మారావు. కొండెక్కి వచ్చినవాళ్లకి గది తాళం ఇవ్వడం, దిగేవాళ్ల దగ్గర తాళం పుచ్చుకోవడం, ఈ మధ్యలో తువ్వాళ్లు మాయం కాకుండా చూసుకోవడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా ఈ మూడు పనులూ చేసుకుంటూ ఎవరి జోలికీ పోకుండా బతుకుతుంటే, ఒక సోమవారం హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ దిగింది.

"ఇందుమూలముగా సమస్త వసతి గృహముల నిర్వాహకులకు తెలియజేయునది ఏమనగా, మన సంస్థలో సిబ్బంది వ్యయము కాలక్రమమున ఆందోళనకరముగా వృద్ధి చెందుచున్నది. 1978వ సంవత్సరములో ప్రతి వంద రూపాయల ఆదాయమునకు జీతముల నిమిత్తము పదిహేడు రూపాయలు మాత్రమే వెచ్చించబడగా, ప్రస్తుతము నలుబది నాలుగు రూపాయలు వెచ్చించబడుచున్నవి. కావున ఎల్లరూ ఆరు మాసముల లోగా 1978వ సంవత్సరమునకు చేరుకొనవలసినదిగా ఆదేశించడమైనది."

సిబ్బందినంతా వంటగదిలో కూర్చోబెట్టి చదివి వినిపించాను. మేం మొత్తం తొమ్మిదిమందిమి. పర్మినెంటు వాళ్లు అయిదుగురు, కాంట్రాక్టు వాళ్లు నలుగురు. వంటమనిషి జోగులు గరిటె పక్కన పెట్టి అడిగాడు.

"డెబ్బై ఎనిమిదికి నేనింకా పుట్టలేదు సార్. నన్నెక్కడికి వెళ్లమంటారు?"

దీనికి సర్క్యులర్‌లో జవాబు లేదు.

గదులు ఊడ్చే అసిరమ్మ గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. ఆవిడ కాంట్రాక్టు మనిషి. పందొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మనిషే. ఎనభై తొమ్మిది రోజులు పని, తొంభయ్యో రోజు సెలవు, తొంభై ఒకటో రోజు కొత్తగా చేరినట్టు మళ్లీ సంతకం. మధ్యలో తెంపకుండా పనిచేయిస్తే ఎక్కడ పర్మినెంటు అడుగుతారోనని సంస్థ పడ్డ జాగ్రత్త అది. ఆ తొంభయ్యో రోజున అసిరమ్మ కొండకింద చెల్లెలింటికి వెళ్లి చేపల పులుసు తిని వచ్చేది. ప్రతిసారీ నేను వేలిముద్ర వేయించుకునేవాణ్ణి. మధ్యలో సంతకం నేర్చుకుంది. అంత సర్వీసు ఆవిడది.

"మన ఉద్యోగాలకేటైనా ఇబ్బందా బాబూ?" అనడిగింది.

"ఏం లేదు. ఇలాంటివి ఏటా వస్తుంటాయి," అన్నాను.

మరుసటి వారం ఘంటా విశ్వంభరం గారు స్వయంగా వేంచేశారు. ఆయన వ్యయ సంస్కరణల ప్రత్యేకాధికారి. ఖర్చు తగ్గించడం కోసం ఆయన, ఇద్దరు సహాయకులు, ఒక డ్రైవరు వచ్చి నాలుగు రోజులు ఉచితంగా మకాం వేశారు. చుట్ట చుట్టి తెచ్చిన గ్రాఫు ఒకటి భోజనశాల గోడకి వేలాడదీశారు. అందులో ఎర్రగీత మా ఘాట్ రోడ్డులాగే మెలికలు తిరుగుతూ పైకి పోయింది.

"మిస్టర్ కూర్మారావ్! ఈ రేఖ ఎందుకు ఊర్ధ్వముఖంగా ప్రయాణించింది? మూలకారణం విశ్లేషించండి," అన్నారు.

"అప్పట్లో అందరూ కొత్తగా చేరినవాళ్లండి, జీతాలు తక్కువ. ఏళ్లు గడిచే కొద్దీ ఇంక్రిమెంట్లు వచ్చాయి. బియ్యం ధర పెరిగింది. దాంతోపాటు కరువు భత్యం..."

"అంటే దోషం కాలానిది అంటారు."

"అలాగే అనుకోవచ్చండి."

ఆయన సహాయకుడి వైపు తిరిగి, "నోట్ చెయ్యి. కాలం అదుపు తప్పింది," అన్నారు. ఆ కుర్రాయన రాసుకున్నాడు.

సాయంత్రం పూట విశ్వంభరం గారు వరండాలో పచార్లు చేస్తూ ఉన్నట్టుండి ఆగిపోయారు. ఎదురుగా పచ్చికలో ఓ పాతికమంది అతిథులు కుర్చీలు వేసుకుని లోయలోకి చూస్తున్నారు. కొందరు జీడిపప్పు పకోడీ తింటున్నారు. అసిరమ్మ ఒక్కతే వాళ్ల మధ్య తిరుగుతూ ప్లేట్లు తీస్తోంది.

"వీళ్లేం చేస్తున్నారు?" అన్నారు.

"విశ్రాంతి తీసుకుంటున్నారండి. అందుకే కదండీ వస్తారు."

"యాభై చేతులు, కూర్మారావ్! యాభై చేతులు నిరుపయోగంగా ఒళ్లో పెట్టుకు కూర్చుంటే, రెండు చేతులకి మనం జీతమిచ్చి పనిచేయిస్తున్నాం. ఇంత మానవ వనరు మన ప్రాంగణంలోకి తనంతట తాను నడిచి వస్తుంటే మనం దాన్ని దాహం వేస్తుందా, ఆకలేస్తుందా అని అడుగుతున్నాం!"

నాకు నవ్వొచ్చింది. పైఅధికారి హాస్యానికి నవ్వకపోతే బాగుండదని పైకే నవ్వాను కూడా. ఆయన హాస్యమాడలేదని ఇరవై రోజుల తరవాత తెలిసింది.

ఆ పథకం పేరు 'శ్రమానుభవ యాత్ర'. నగరవాసికి లుప్తమైపోయిన శారీరక శ్రమను తిరిగి అనుభవింపజేయుట దాని ఆశయమని కరపత్రంలో అచ్చయింది. గది అద్దెకి అదనంగా మూడు వందలు కడితే మంచం మీద దుప్పటి తామే మార్చుకోవచ్చు. అయిదు వందలకి గిన్నెలు తోముకోవచ్చు. ఎనిమిది వందలకి వరండా. స్నానాలగది రాజయోగ శ్రేణి, పన్నెండు వందలు.

ఎవరూ రారనుకున్నాను. మొదటి రోజే నా బల్ల ముందుకి ఒక పెద్దాయన వచ్చారు. పేరు త్రివిక్రమరావు గారు, రిటైరైన ట్రెజరీ ఆఫీసరు, కాకినాడ. భార్య కామేశ్వరి గారితో నాలుగు రోజులకని వచ్చారు.

"ఏవండీ మేనేజరు గారూ, మతి ఉండే రాశారా ఇది? డబ్బిచ్చి దుప్పటి నేను దులుపుకోవాలా?"

"కావాలంటేనేనండి. వద్దంటే మా అసిరమ్మ దులుపుతుంది."

"దులిపితే రసీదు ఇస్తారా?"

"ఇస్తామండి."

రసీదు మాట వినగానే ఆయన కొంచెం మెత్తబడ్డారు. మూడు వందలూ కట్టి, అసిరమ్మ పక్కన నిలబడి చెబుతుంటే దుప్పటి మార్చారు. మూలలు సరిగ్గా మడవడానికి ముప్పావుగంట పట్టింది. బయటికొచ్చినప్పుడు ఆయన మొహం వెలిగిపోతోంది. మర్నాడు గిన్నెలకి కట్టారు. మూడో రోజు వరండాకి. నాలుగో రోజు కామేశ్వరి గారు పెట్టె సర్దుకుని ఒక్కరే నా దగ్గరికొచ్చారు.

"ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురంలో ఈయన కంచం తీయగా చూడటం ఇదే మొదలు బాబూ. ఇప్పుడే ఇంటికి తీసుకెళితే ఈ అలవాటు దారిలోనే పోతుంది. కొన్నాళ్లు మీ దగ్గరే ఉండనివ్వండి. పెన్షన్ డబ్బుల్లోంచి పంపిస్తాను," అని ఆటో ఎక్కేశారు.

అలా త్రివిక్రమరావు గారు మాకు స్థిరపడిపోయారు. జీవితమంతా ట్రెజరీలో గడిపిన మనిషి, ఊరికే ఉండలేరు కదా. వారం తిరక్కుండా ఒక మస్టరు పుస్తకం కొనుక్కొచ్చి గీతలు కొట్టారు. ఉదయం ఏడు గంటలకి అతిథులందర్నీ పచ్చికలో వరసగా నిలబెట్టి హాజరు తీసుకునేవారు. ఆలస్యంగా లేచినవాళ్ల పేరు పక్కన ఎర్రసిరాతో చుక్క పెట్టేవారు. డబ్బు కట్టి మరీ వచ్చినవాళ్లు ఆ ఎర్రచుక్కకి భయపడి ఆరున్నరకే బ్రష్షు నోట్లో పెట్టుకుని పరిగెత్తడం నా కళ్లతో చూశాను.

పథకం పట్టుకుంది. విశాఖపట్నం, హైదరాబాదు నుంచి కంపెనీల వాళ్లు బస్సులు వేసుకుని వచ్చారు. చీపురు పట్టుకుని ఫోటో, బకెట్టుతో ఫోటో. స్నానాలగదులకి రెండు నెలల ముందే బుకింగు అయిపోయింది. కమోడు తోమడానికి ఒక ఎమ్మెల్యే గారి సిఫారసు ఉత్తరం కూడా వచ్చింది. జీతాల ఖర్చు నలభై నాలుగు నుంచి ఇరవై ఆరుకి దిగింది. విశ్వంభరం గారు ఫోను చేసి, "కూర్మారావ్, మనం ప్రస్తుతం 1989లో ఉన్నాం. అభినందనలు," అన్నారు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, పనంతా అమ్ముడైపోయింది. కొన్నవాళ్లకి దక్కాలంటే సిబ్బంది దాన్ని ముట్టుకోకూడదు. అలా అని సర్క్యులర్ కూడా వచ్చింది. జోగులు చేతులు కట్టుకుని నిలబడితే, ఓ బ్యాంకు మేనేజరు గారు చింతపండు పులుసులో పంచదార వేసేవారు. అసిరమ్మ గోడకి చేరబడి కూర్చునేది. కూర్చోవడం ఆవిడకి చేతకాదు. కాసేపటికొకసారి లేచి కొంగుతో కిటికీ చువ్వ తుడవబోయి, నా వైపు చూసి, మళ్లీ కూర్చునేది.

ఒక ఉదయం సాఫ్ట్‌వేర్ కంపెనీ అమ్మాయి ఒకతె దాదాపు ఏడుస్తూ వచ్చింది.

"అంకుల్, నేను తూర్పు వరండాకి ఎనిమిది వందలు కట్టాను. అలారం పెట్టుకుని లేచాను. వెళ్లేసరికి ఎవరో ఊడ్చేశారు! ఒక్క ఆకు కూడా మిగల్చలేదు!"

ఎవరో చెప్పక్కర్లేదు. అమ్మాయి ఫిర్యాదు హెడ్డాఫీసుకి వెళ్లింది. అక్కణ్ణించి అసిరమ్మకి మెమో వచ్చింది: "సంస్థచే విక్రయింపబడిన పనిని, కొనుగోలుదారు అనుమతి లేకుండా అపహరించినందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

చదివి చెప్పాను. ఆవిడ ఆ కాగితం చేతిలోకి తీసుకుంది.

"అపహరించటమంటే ఏటి బాబూ?"

"అంటే... తీసుకోవడం."

"దొంగతనమా?"

నేను కాగితాలు సర్దుకున్నాను.

"పందొమ్మిదేళ్లలో ఈ గదుల్లో గొలుసులు దొరికినాయి, ఉంగరాలు దొరికినాయి. అన్నీ తెచ్చి మీ బల్ల మీద పెట్టినాను. ఆయేళ దొంగని కాను. ఇప్పుడు సెత్త ఎత్తితే దొంగనైపోనానా?"

"సంజాయిషీ ఏమని రాయమంటావు అసిరమ్మా?"

"సెత్త కనపడింది, ఊడ్సినాను అని రాయండి. అంతకి మించి నాకాడ ఏటీ నేదు."

అలాగే రాశాను. జూన్ నెలాఖరుకి ఆవిడ ఎనభై తొమ్మిది రోజులూ నిండాయి. "పని లేనందువలన" కాంట్రాక్టు వాళ్లెవర్నీ తిరిగి తీసుకోవద్దని ఉత్తర్వు వచ్చింది. మిగతా ముగ్గురికీ ముందే తెలిసిపోయి కొండకింద జీడిపిక్కల ఫ్యాక్టరీలో చేరిపోయారు. అసిరమ్మకి నేనే చెప్పాల్సి వచ్చింది.

"రేపు సెలవు కదా బాబూ. సెల్లెలింటికెళ్లి ఎల్లుండి పొద్దున్నే వొచ్చేస్తాను," అంది సంచీ సర్దుకుంటూ.

"ఎల్లుండి కూడా వద్దు అసిరమ్మా."

"ఆ తరవాత?"

నేను ఉత్తర్వు కాగితం ఆవిడ వైపు జరిపాను. ఆవిడ నడుముకి కట్టుకున్న తాళాల గుత్తి విప్పి నా బల్ల మీద పెట్టింది.

"ఏడో నెంబరు తలుపు వానాకాలం ఉబ్బుతాది. కిందనించి ఒక్క తన్ను తంతే తెరుసుకుంటాది. పదమూడులో గీజరు ఏసేముందు నీళ్లు ఒదిలి సూడాల. ఊడ్సడానికి వొచ్చినోళ్లకి సెప్పండి, పాపం తెల్దు కదా," అని వెళ్లిపోయింది.

ఆ ఉత్తర్వు మీద సంతకం నాది. ఆ పూట అన్నం సయించలేదు. అన్నం వండింది బ్యాంకు మేనేజరు గారు కాబట్టి ఎవరికీ సయించలేదనుకోండి, కానీ నాది వేరే కారణం.

హెడ్డాఫీసులో మాత్రం ఉత్సాహం పొంగింది. 1978 దాటేశాం. ఇక సున్నా ఎందుకు కాకూడదు అన్నారు విశ్వంభరం గారు. పర్మినెంటు వాళ్లని తీసెయ్యడానికి లేదు. అందుకని జోగుల్నీ, ఇంకో ముగ్గుర్నీ హెడ్డాఫీసులో కొత్తగా పెట్టిన 'సిబ్బంది వ్యయ నియంత్రణ విభాగా'నికి బదిలీ చేశారు. ఇలా అన్ని ఊళ్ల నుంచీ పంపినవాళ్లతో ఆ విభాగంలో అరవై మంది పోగయ్యారు. వాళ్లందరికీ జోగులు టీ కాచేవాడు. వాళ్ల జీతాలు సిబ్బంది వ్యయం కింద రాయరు, సంస్కరణ వ్యయం కింద రాస్తారు. కాబట్టి అవి ఖర్చు కావు.

కొండ మీద నేనొక్కణ్ణే మిగిలాను. గణాంకాల్లో నా జీతం ఒక్కటే మచ్చలా కనిపిస్తోందన్నారు. ఆలోచించి, నన్ను బల్లలు, కుర్చీల నిర్వహణ పద్దులోకి మార్చారు. ఏడాది చివర సామాను తనిఖీకి వచ్చిన గుమాస్తా అన్నిటికీ నెంబరు కాగితాలు అంటిస్తూ నా దగ్గరికొచ్చి మొహమాటపడ్డాడు.

"ఎక్కడ అంటించమంటారండి?"

"కుర్చీకి ఎక్కడ అంటిస్తావు?"

"వెనకాలండి."

వెనక్కి తిరిగాను. చొక్కా మీద 114 అని అంటించి దణ్ణం పెట్టి వెళ్లాడు.

ఇదంతా తరవాతి సంగతి. అసిరమ్మ వెళ్లిన మూడో వారం ఏం జరిగిందంటే, వాన వెలిసిన ఒక పొద్దున బస్సు దిగి ఒకావిడ గొడుగు మడుస్తూ లోపలికి వచ్చింది. ఉతికిన నీలం చీర, చేతిలో సంచీ. అసిరమ్మే. ఎప్పుడూ పెరటి గుమ్మంలోంచి వచ్చే మనిషి ఆ రోజు ముందు గుమ్మంలోంచి వచ్చి నా బల్ల ఎదుట అతిథుల కుర్చీలో కూర్చుంది.

"గది కావాల బాబూ."

"ఎవరికి?"

"నాకే."

సంచీలోంచి ఒక కాగితం తీసింది. కోడలు పంచాయతీ ఆఫీసు గోడ మీద చూసి రాసుకొచ్చిందట. 'స్థానిక మహిళా పర్యాటక ప్రోత్సాహక పథకం.' చుట్టుపక్కల పల్లెల్లో నలభై అయిదేళ్లు దాటిన ఆడవాళ్లకి భోజనంతో సహా గది రోజుకి పది రూపాయలు. ఆ పథకం పుట్టి ఆరేళ్లయింది. పొద్దస్తమానం కొండ మీదే పుల్లలేరుకునే వాళ్లు కొండ చూడటానికి ఎందుకొస్తారు, అందుకని ఒక్కరూ రాలేదు. నాకైతే అది ఉన్న సంగతే గుర్తులేదు.

"ఇది నిజమేనా బాబూ?"

"నిజమే."

"సుట్టాలు పని సెయ్యొచ్చు కదా? డబ్బు కట్టాల?"

సుట్టాలంటే ఆవిడ భాషలో అతిథులే. రూలు పుస్తకం తిరగేశాను. ఆ పథకం కింద వచ్చేవారికి అన్ని సదుపాయాలూ ఉచితం అనుంది. చీపురు ఇప్పుడు సదుపాయం. కాబట్టి ఉచితం. పుస్తకం మూసి అతిథుల రిజిస్టరు తెరిచాను.

"ఎన్నాళ్లుంటారు?" అన్నాను. 'ఉంటారు' అనేసిన సంగతి నోట్లోంచి వచ్చాక గాని తెలియలేదు. ఆవిడకీ వినపడింది. కొంచెం సర్దుకుని కూర్చుంది.

"గడువేటైనా ఉందా?"

"లేదు."

"అయితే సూద్దారి."

పదకొండో నెంబరు అడిగింది. కిటికీలోంచి సూర్యోదయం కనిపించే గది. పందొమ్మిదేళ్లుగా దుప్పటి మార్చిన మంచం మీద ఆ రోజు పడుకుంది. మర్నాడు ఏడింటికి పచ్చికలో వరసలో నిలబడింది. త్రివిక్రమరావు గారు కళ్లజోడు సర్దుకుని, "మీరు..." అన్నారు.

"పదకొండో నెంబరు బాబూ. అసిరమ్మ."

ఆయన మస్టరులో కొత్త గీత కొట్టి, అసిరమ్మ గారు అని పూర్తిగా రాసుకున్నారు.

రాజయోగ శ్రేణి అతిథులకి ఒక జబ్బుంది. ఫోటో అయిపోయేదాకా ఉత్సాహం, ఆ తరవాత నడుం నొప్పి. పక్కనే అసిరమ్మ నాలుగు నిమిషాల్లో కమోడు తళతళలాడించడం చూశాక వాళ్లకి కొత్త ఆలోచన తోచింది. పన్నెండు వందలు కట్టి కొనుక్కున్న పనిని, వంద రూపాయలు ఆవిడ చేతిలో పెట్టి ఒప్పజెప్పడం మొదలెట్టారు. తోటి అతిథికి అతిథి ఇచ్చుకునే దాన్ని నిషేధించే రూలు లేదు. నెల తిరిగేసరికి ఆవిడకి మేమిచ్చిన జీతానికి రెట్టింపు ముట్టింది. నేను గదులు తిరుగుతుంటే, "బాబూ, టీ పంపిస్తారేటి?" అని అడిగేది. టీ పెట్టుకునే పని ఎవరు కొన్నారో చూసి పంపించేవాణ్ణి.

విశ్వంభరం గారికి ఈ సంగతి నివేదికల్లో వేరేగా చేరింది. స్థానిక మహిళా పర్యాటకం లక్ష్యం నూటికి నూరు పాళ్లు నెరవేరిందని మాకు శాలువా, జ్ఞాపిక వచ్చాయి.

ఇలా మార్చి దాకా సాఫీగా నడిచింది. మార్చి రెండో వారంలో త్రివిక్రమరావు గారు వెంటిలేటరు బూజు దులుపుతూ స్టూలు మీంచి జారిపడ్డారు. ఎడం మణికట్టు విరిగింది. కట్టు కట్టించి తీసుకొచ్చాం. వద్దంటున్నా వినకుండా కుడిచేత్తో ఉత్తరం ఒకటి రాశారు.

"గత మూడు వందల ముప్పది రోజులుగా సదరు వసతి గృహమునందు అతిథి హోదాలో విధులు నిర్వర్తించుచున్న నేను, విధి నిర్వహణలో క్షతగాత్రుడనైనందున, నాకు వర్తించు సెలవు ఏ పద్దు కింద మంజూరగునో తెలియగోరుచున్నాను."

"అతిథికి సెలవేమిటండీ? ఇంటికెళ్లిపోవచ్చు కదా," అన్నాను.

"చూడండి కూర్మారావు గారూ, మస్టర్లో పేరున్నవాడు చెప్పకుండా మానేస్తే గైరుహాజరు. నా సర్వీసులో ఒక్క గైరుహాజరు లేదు," అన్నారాయన.

మా సంస్థలో ఏ ఉత్తరమూ చెత్తబుట్టలోకి పోదు, పక్క సెక్షనుకి పోతుంది. ఆ ఉత్తరం అకౌంట్సుకి వెళ్లి, అక్కణ్ణించి లీగల్‌కి వెళ్లి, వాళ్లకీ తోచక స్పష్టత కోరుతూ కార్మిక శాఖకి వెళ్లింది. ఏప్రిల్ మొదట్లో కార్మికాధికారిణి హేమసుందరి గారు బస్సులో కొండెక్కి వచ్చారు. పాతికేళ్ల పైచిలుకు వయసు, చేతిలో బైండు పుస్తకం, మాట నెమ్మది. ఆవిడ వస్తున్నారని విశ్వంభరం గారు కారులో ముందే వచ్చి కూర్చున్నారు.

"హాజరుపట్టీ ఉందా?" అన్నారావిడ.

త్రివిక్రమరావు గారు కట్టుచేత్తో మస్టరు తెచ్చి పరమ సంతోషంగా అందించారు. ఇన్నాళ్లకి దాన్ని తనిఖీ చేసేవాళ్లు వచ్చారని ఆయన ఆనందం. ఆవిడ పేజీ పేజీ తిప్పారు.

"రోజూ ఏడింటికి హాజరు. ఆలస్యానికి ఎర్రచుక్క. ఏ పని ఎవరికో రాసి ఉంది. పని సరిగా లేకపోతే మళ్లీ చేయించారు. వీళ్లు కార్మికులు."

"క్షమించాలి మేడమ్," విశ్వంభరం గారు గొంతు సవరించుకున్నారు. "మీరు మౌలిక భావననే అపార్థం చేసుకుంటున్నారు. వీరు అనుభూతి వినియోగదారులు. మేం వీరికి వేతనం చెల్లించడం లేదు. వీరే మాకు చెల్లిస్తున్నారు."

"అది వేరే నేరమండి. దానికి వేరే నోటీసు ఇస్తాను," అని ఆవిడ రాసుకోవడంలో పడ్డారు.

ఆయన నుదురు తుడుచుకున్నారు. అంతలో ఆవిడ వేలు ఒక పేరు దగ్గర ఆగింది.

"ఈ అసిరమ్మ గారు ఎవరు? రెండు వందల అరవై రోజులకి పైనే. ఒక్క రోజు విరామం లేదు."

"నానేనమ్మా," అంది అసిరమ్మ వెనక నుంచి. చేతిలో తడిగుడ్డ.

"తొంభయ్యో రోజు సెలవు పెట్టలేదా?"

"సుట్టానికి సెలవెవులు ఇత్తారమ్మా?"

నాకు అప్పుడు గాని వెలగలేదు. కాంట్రాక్టు మనిషిగా ఉన్నన్నాళ్లూ ఆవిడ సర్వీసుని తొంభై రోజులకొకసారి తెంపుతూ వచ్చిన సంస్థ, అతిథిగా ఉన్నప్పుడు తెంపడం మర్చిపోయింది. ఆవిడ ముందే అనుకుని వచ్చిందా అని ఆ తరవాత ఎన్నిసార్లు అడిగినా జవాబు చెప్పలేదు. "కోడలు సదువుకున్న పిల్ల బాబూ," అనేది, అంతే.

నోటీసు హెడ్డాఫీసుకి చేరాక అక్కడ రెండు రోజులు ఎవరూ టీ కూడా తాగలేదని జోగులు ఫోన్లో చెప్పాడు. ఆ ఏడాదిలో పనిచేసిన అతిథులు రెండువేల మూడు వందలమంది. అందరూ జీతం అడిగితే, కట్టిన డబ్బు వాపసు అడిగితే? వాళ్లకి తెలియక ముందే రాజీ చేసుకోమన్నారు లాయర్లు. శ్రమానుభవ యాత్రని రద్దు చేశారు. చట్టం లెక్క ప్రకారం వరసగా రెండు వందల నలభై రోజులు దాటినవాళ్లని రెగ్యులర్ ఉద్యోగులుగా తీసుకోవడానికి ఒప్పుకున్నారు. అలా దాటినవాళ్లు ఇద్దరే.

త్రివిక్రమరావు గారికి అరవై ఎనిమిదేళ్లు. మా సంస్థలో రిటైర్మెంటు అరవైకి. నియామకం ఆపితే రాజీ ధిక్కారం, కొనసాగిస్తే రూలు ధిక్కారం. అందుకని పొద్దున పది గంటలకి ఉద్యోగంలో చేర్చుకుని, సాయంత్రం అయిదింటికి పదవీ విరమణ సభ పెట్టారు. కామేశ్వరి గారు కాకినాడ నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. సుదీర్ఘ సేవలు అందించారని విశ్వంభరం గారు శాలువా కప్పారు. త్రివిక్రమరావు గారు కన్నీళ్లు పెట్టుకున్నారు. మొదటిసారి రిటైరైనప్పుడు ఆడిటు అభ్యంతరాల వల్ల ఆయనకి సభ జరగలేదట. ఆ సాయంత్రం తిన్న ప్లేట్లన్నీ తానే తోమి, భార్యతో కొండ దిగి వెళ్లిపోయారు.

విశ్వంభరం గారికి ఏమీ కాలేదు. నియంత్రణ విభాగం జీతాలు కలిపి చూస్తే వందకి అరవై మూడు తేలింది. సంస్కరణ వ్యయం ఇంతలా ఎందుకు పెరిగిందో అధ్యయనం చెయ్యడానికి ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. జోగులు అక్కడే ఉండిపోయాడు. మనిషి రోజుకి ఎనిమిది టీలు తాగుతున్నారట.

మే ఒకటో తారీకున అసిరమ్మ సర్వీసు రిజిస్టరు రాయడానికి కూర్చున్నాం. పేరు, ఊరు, పుట్టుమచ్చలు అయ్యాయి. యూనిఫారం చీర ఇచ్చాను. మడత విప్పి అంచు చూసుకుని మళ్లీ మడిచింది. తరవాతి గడి 'పూర్వానుభవం'.

"అతిథిగా తొమ్మిది నెలలు అని రాస్తున్నాను," అన్నాను.

"ముందు పందొమ్మిదేళ్లు సేసినాను కదా బాబూ. అది రాయరా?"

"రాయడానికి లేదు అసిరమ్మ గారూ. అది కాంట్రాక్టు. ముక్కలు ముక్కలుగా ఉంది కదా, లెక్కలోకి రాదు. రూలు అలా ఉంది."

"వొచ్చేనాను, ఊడ్సేనాను, మీరు సూసినారు."

"చూశాను."

"అయినా నానిక్కడ పని సెయ్యనట్టేనా?"

"కాగితం ప్రకారం... అంతే."

కిటికీ అవతల కొత్తగా వచ్చిన అతిథులెవరో కుర్చీలు వేసుకుని లోయలోకి చూస్తున్నారు. ఎవరి చేతిలోనూ చీపురు లేదు. అసిరమ్మ వాళ్లని కాసేపు చూసింది. కోపమొస్తుందేమో అనుకున్నాను. రాలేదు.

"పోనీండి బాబూ. గడి కాళీగా ఒదిలెయ్యకండి, బాగోదు. ఆ పందొమ్మిదేళ్లూ ఈ కొండ సూడ్డానికి వొచ్చానని రాసీయండి," అంది.

అలాగే రాశాను. హెడ్డాఫీసు నుంచి ఇంతవరకూ అభ్యంతరం రాలేదు.